ఇల్లటం పోయిన కొదమ

మా నాయనకూ మా ఆయనకూ పడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళు పోట్లాడుకోరు. కార్ల గురించి మాట్లాడుకుంటారు, అంతే. ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడుకుంటారు. ఆ నాలుగు గంటలూ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అందించేది నేను. ప్లేట్లు ఎత్తేది నేను. గొంతులు లేస్తే "మెల్లగా, రోడ్డు మీద పోయేటోళ్ళు చూస్తాండారు" అని కసిరేదీ నేనే. ఇంత చేసినా మా వాట్సాప్ గ్రూపు పేరు మాత్రం 'కడప ఫోర్‌వీల్ బ్రదర్స్'. దానికి అడ్మిన్‌ని నేను. బ్రదర్స్‌కు సిస్టర్ అడ్మిన్ ఎట్లా అయిందని అడిగే తెలివి ఇంతవరకూ ఒక్క మగాడికీ పుట్టలేదు.

ఈ సభ జరిగేది కడప ఊరి బయట, మా బండల పాలిషింగ్ యూనిట్‌లో, రేకుల షెడ్డు కింద. ఆదివారం మిషన్లు ఆగి ఉంటాయి కాబట్టి ఒకరి మాట ఇంకొకరికి స్పష్టంగా వినబడుతుంది. అదే మా కొంప ముంచింది. గేటు మీద నల్లరాతిపై చెక్కిన 'బండి స్టోన్స్' అనే బోర్డు చూసి, బండలమ్ముతూ బండి అని పెట్టుకున్నారేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. బండి మా ఇంటిపేరు. మా నాయన బండి ఓబుళేశు. అటువంటి ఇంటిపేరు ఉండి కార్ల పిచ్చి లేకపోతే మర్యాదగా ఉండదనుకున్నాడో ఏమో, ఇంట్లో మనుషులం ఐదుగురం ఉంటే కార్లు నాలుగున్నాయి. అందులో మూడు గజపతి కంపెనీవే.

వాదన దేని గురించో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత మీ బుర్ర తిరుగుతుంది. గజపతి మోటార్స్ పెద్ద కంపెనీ. ఏ ఊరికి పోయినా ఏనుగు బొమ్మతో దాని షోరూము ఎదురవుతుంది. కొదమ చిన్న కంపెనీ. హోసూరు పక్కన ఒక షెడ్డులో పుట్టి, నలభై ఏళ్ళు జీపులు తప్ప ఇంకేమీ చేయలేదు. దాని గుర్తు సింహప్పిల్ల. ఆరేళ్ళ కిందట కొదమ మూతబడే స్థితికి వస్తే గజపతి దాన్ని కొనేసింది. పేరు మార్చలేదు. ముందరి సింహప్పిల్లనూ పీకలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన కొదమ అసలు కొదమేనా, లేక కొదమ పేరు తగిలించుకున్న గజపతా? ఇదీ తగవు. "ఆదుకున్నోళ్ళను తప్పుబడతారేందప్పా" అంటాడు మా నాయన. "ఆదుకున్నారా, మింగినారా?" అంటాడు మా ఆయన. ఆరేళ్ళుగా ఈ రెండు ముక్కలే. వాటికి ఆదివారానికొక కొత్త చొక్కా తొడుగుతారు.

ఇంతకూ ఆరేళ్ళ కిందటే, సరిగ్గా అదే వేసవిలో, మా ఆయన మా ఇంటికి ఇల్లటం వచ్చాడు.

ఇల్లటం అంటే తెలియనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకోసం చెప్తాను. కొడుకుల్లేని ఇంట్లో కూతురికి పెళ్ళి చేసి, అల్లుణ్ణి తెచ్చి ఇంట్లోనే పెట్టుకుంటారు. అతను కొడుకులాగే చేనూ వ్యాపారమూ చూసుకోవాలి. కొడుకులాగే ఆస్తి అనుభవించాలి. అన్నీ కొడుకులాగే. పిలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని పేరు ఎవరి నోటా రాదు. బ్యాంకులో, బండల మార్కెట్లో, చివరికి మంగలి షాపులో కూడా మా ఆయన 'ఓబుళేశు అల్లుడే'.

అతని పేరు గుర్రం రాజశేఖర్. ఊరు ఆత్మకూరు. శుభలేఖలు అచ్చయిన రోజునే కడప సగం నవ్వింది. బండోళ్ళింటికి గుర్రమొచ్చిందంట, ఇంక లాగుడే లాగుడు అని పెళ్ళిలో మైకులోనే అన్నారు. మా ఆయనా నవ్వాడు. మొదటి సంవత్సరమంతా నవ్వాడు. రెండో సంవత్సరం మూతి మాత్రం నవ్వేది. తర్వాత అదీ మానేసింది.

నిజానికి అతన్ని ఏరి తెచ్చింది మా నాయనే. ఆత్మకూరు వైపు ఎవరిదో పెళ్ళికి పోతుంటే దారిలో వాగు పొంగిందట. మా ఏనుగు బొమ్మ కారు నీళ్ళ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయిందట. అప్పుడొక పిల్లవాడు పాత కొదమ జీపు తెచ్చి, పెళ్ళివాళ్ళందరినీ నాలుగు విడతలుగా అవతలికి దాటించాడట. మా నాయన ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు ముఖం కూడా చూడలేదు. "స్టీరింగు పట్టుకున్న తీరు చూసినా మ్మా, శానా నిదానస్తుడు" అని ఇంటికి వచ్చి నాతో చెప్పాడు. నేను పోయి చూశాను. నాకు స్టీరింగు కంటే మనిషి నచ్చాడు. వస్తూ వస్తూ ఆ జీపునూ వెంట తెచ్చుకున్నాడు. అది వాళ్ళ నాయన జీపు. షెడ్డు కింద చోటంతా మా ఏనుగులకే సరిపోతుంది కాబట్టి, అది షెడ్డు వెనకాల పగిలిన బండల పక్కన ఎండకు ఎండుతూ ఉంటుంది.

ఎన్నాళ్ళయినా ఇట్లాగే గడిచిపోయేదేమో. ఈలోగా మా కూతురు శివానికి ఐదేళ్ళు నిండాయి. ఒకటో తరగతిలో చేర్చడానికి బడివాళ్ళు ఇచ్చిన కాగితంలో మొదటి గడే 'ఇంటిపేరుతో సహా పూర్తి పేరు'. పిల్ల పుట్టినప్పుడు సర్టిఫికెట్లో ఉత్త శివాని అని రాయించి, మిగతాది తర్వాత చూసుకుందామని తప్పించుకున్నాం. ఆ 'తర్వాత' అనేది ఇప్పుడు వచ్చి మా నట్టింట్లో కూర్చుంది. సోమవారం కాగితం ఇచ్చేయాలి.

"బండి శివాని. పలికి చూడు మ్మా, ఎంత నిండుగా ఉండాదో" అన్నాడు మా నాయన, ఎవరూ అడగకముందే. తనతో ఆ ఇంటిపేరు ఆగిపోతుందని ఆయన బాధ. దాన్ని నేను తప్పుపట్టలేను. ఆ బాధ లేకపోతే ఇల్లటం ఎందుకు తెచ్చుకుంటాడు?

మా ఆయన మాత్రం కాగితం చదివి, మడిచి, ఫ్రిజ్ మీద పెట్టాడు. నేను వదలకుండా వెంటబడితే వంటింట్లో నిలబడి చెప్పాడు.

"ఈ ఇంట్లో నా పేరుతో ఏమీ లేదు తనూజా. బోర్డు మీద లేదు, బండ్ల మీద లేదు. నేనెప్పుడన్నా అడిగినానా? అడగల్యా. బిడ్డకన్నా నా పేరు ఉండనీ."

"ఆ మాట మా నాయనతో చెప్పు."

"నువ్వు చెప్పు. నేను చెప్తే తగవవుతాది."

నాయనకు చెప్పాను. ఆయన పేపరు దించకుండానే, "ఆ మాట ఆయప్పనే నాతో చెప్పమను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే టేబుల్ దగ్గర, ఒకే గిన్నెలో పప్పు పోసుకు తినే ఇద్దరి మధ్య నేను పోస్టుమ్యాన్ ఉద్యోగం చేయాలా? చేయనని ఇద్దరికీ చెప్పేశాను.

ఇక ఆదివారం వచ్చింది. దావీదు చిన్నాయన కొత్త కారు కొని తెచ్చాడు.

దావీదురాజు మా నాయనకు చిన్నప్పటి జతగాడు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. జీవితమంతా గవర్నమెంటు స్టీరింగే తిప్పాను, ఇంక నాది నేను తిప్పుకుంటానని పట్టుబట్టి కొన్న బండి అది. ఎర్రటి కొత్త కొదమ. పొద్దున మొదటి ఆరాధనకు చర్చికి తీసుకుపోయి, పాస్టరుగారితో బానెట్ మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించుకుని, నేరుగా మా షెడ్డుకే వచ్చాడు. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. దిగి, తలుపు వేసి, వేసిన చోట కండువాతో తుడిచాడు.

"ఎట్లుండాది మన కొదమ?" అని అడిగాడు అందరినీ.

మా ఆయన దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. టైరు మీద కాలితో తట్టాడు. నాకు భయం వేసింది. సోమవారం ఇవ్వాల్సిన బడి కాగితం ఫ్రిజ్ మీద నుంచి అప్పటికే నా హ్యాండ్‌బ్యాగులోకి వచ్చింది, మొదటి గడి ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఇతనేదైనా అన్నాడంటే ఇద్దరూ మళ్ళీ మొదలు.

"బండి బాగుండాది దావీదు మామా" అన్నాడు. "బాగుండాది గానీ, ఇది కొదమ కాదులే."

పాపం, చిన్నాయన ముఖం చూడాలి మీరు. "కాకపోతే ఇదేందప్పా? ముందర బొమ్మ కనపడల్యా నీకు?"

"ఆ బొమ్మ ఒకటే మిగిలింది మామా."

మా నాయన ఉగ్గాని ప్లేటు కింద పెట్టాడు. "మొదలుపెట్టినాడప్పా. ఆ బొమ్మ మిగిల్చింది ఎవరు? మూతబడే దాన్ని తెచ్చి నిలబెట్టినారు గదా?"

"నిలబెట్టల్యా మామా, కూర్చోబెట్టినారు. నీకేం తెల్దు, గమ్మునుండు, మేం చేసిచ్చిందే నీ బండి, అని కూర్చోబెట్టినారు."

అప్పుడు సర్ఫరాజ్ నోరు తెరిచాడు. సర్ఫరాజ్ మా యూనిట్‌కు ఎదురుగా షెడ్డు ఉన్న మెకానిక్. కడపలో ఏ ఇంజను దగ్గినా మొదట వాడికే కబురు వస్తుంది. మాట్లాడేది తక్కువ. మాట్లాడినప్పుడు మాత్రం పక్కనున్నవాళ్ళు ఏదో ఒకటి పట్టుకుని నిలబడడం మంచిది. వాడు బజ్జీ కొరుకుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"దీనికింత వాదనేందన్నా? కొదమ ఇల్లటం పోయినాది, అంతే గదా."

వాడి మనసులో ఏ విషమూ లేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. చిన్నది పోయి పెద్దదాంట్లో చేరితే మా వైపు నోటికి వచ్చే మాటే అది. వాడికి వచ్చింది, వాడు అన్నాడు. అన్నాక మా ఆయన ముఖం చూశాడు, మా నాయన ముఖం చూశాడు, చేతిలో మిగిలిన బజ్జీ మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు.

"ఇల్లటం పోతే తప్పేముండాది?" అన్నాడు మా నాయన. గొంతు అప్పుడే లేచింది.

"తప్పని ఎవరన్నారు మామా? నేను కొదమ గురించి మాట్లాడతాండా."

"నేను మాత్రం దేని గురించి మాట్లాడతాండా? దాని గురించే!" మా నాయన కుర్చీలోంచి లేచాడు. "ఏం తక్కువ చేసినామప్పా దానికి? మన కొట్టంలోకి తెచ్చి పెట్టుకున్నాం. తాళాలు చేతికిచ్చినాం. ఒక్క పొద్దన్నా పరాయిదని చూసినామా? ఉండే ఒక్క కూతుర్ని ఇచ్చినాం గదప్పా!"

దావీదు చిన్నాయన మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయాడు. "యా కూతురు ఓబుళేశన్నా? గజపతి కంపెనీకి కూతురుండాదా?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వు ఒకవైపు, సిగ్గు ఒకవైపు, రెండింటికీ మించి కోపం. ఇంతమంది ముందు నన్ను స్పేర్ టైరులాగా లెక్కకు తెచ్చినందుకు కోపం. మా నాయన చెవులు ఎర్రబడ్డాయి. "మాట వరసకన్నాలే" అని గొణిగి మళ్ళీ కూర్చున్నాడు.

మా ఆయన మాత్రం నావైపు చూసి, నిదానంగా అన్నాడు. "కూతురు శానా మంచిది మామా. కూతురి గురించి కొదమకు యా బాధా లేదు."

అబ్బో! ఆరేళ్ళలో నాతో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇంత బాగా ఒక్క మాట చెప్పలేదు, ఇప్పుడు నలుగురి మధ్య ఒక జీపు తరఫున చెప్తున్నాడు. నా కోపం సగం దిగిపోయింది. ఆ దిగిపోవడం మీద ఇంకో కోపం వచ్చింది.

"మాటలెందుకు మామా, బానెట్ ఎత్తి చూద్దాం" అన్నాడు మా ఆయన. "పార్టు పార్టు మీద కంపెనీ ముద్ర ఉంటాది గదా. ఏనుగులెన్నో, సింహాలెన్నో తేలిపోతాది."

"ఎత్తు. నాలుగో వంతన్నా సింహాలు లేకుంటే నేనే ఒప్పుకుంటా, మింగినారని."

"నా బండప్పా అది!" అని చిన్నాయన అడ్డం నిలబడ్డాడు. "పొద్దున్నే పాస్టరుగారు చెయ్యి పెట్టినాడు దాని మీద. మీ ఇద్దరి తగవుకు నా కొత్త బండి కడుపు కొయ్యాల్నా?"

"ఒక్క స్క్రూ కూడా విప్పనులే చిన్నాయనా, ఉత్త చూసేదే" అని సర్ఫరాజ్ మాటిచ్చాడు. అడ్మిన్ హోదాలో నేనూ మాటిచ్చాను. ఆయన గొణుక్కుంటూనే లోపలికి వంగి లీవరు లాగాడు.

సర్ఫరాజ్ సెల్‌ఫోన్ లైటు వేసుకుని, చేతికి శుభ్రమైన గుడ్డ చుట్టుకుని మొదలుపెట్టాడు. మా ఆయన పక్కనే నిలబడి వేళ్ళు మడుస్తున్నాడు.

"ఇంజను మీద?"

"ఏనుగు."

"ఒకటి! రేడియేటరు?"

"ఏనుగన్నా."

"రెండు! నీళ్ళ డబ్బా మూత చూడు."

"మూత మీద కూడా ఏనుగే. బుజ్జిది."

మా ఆయన గొంతులో ఉత్సాహం పొంగుతోంది. దసరాకు బొమ్మలు లెక్కపెట్టే పిల్లవాడిలాగా ఉన్నాడు. హారన్, ఏనుగు. ఫ్యూజుల పెట్టె, ఏనుగు. సర్ఫరాజ్ వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. గేర్‌బాక్సు, ఏనుగు. కింద నుంచి ఏనుగు, ఏనుగు అని వాడి గొంతు వస్తూనే ఉంది. మడవడానికి మా ఆయనకు వేళ్ళు చాలలేదు. మళ్ళీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టాడు. పదిహేనో ఏనుగు దగ్గర అతని గొంతు తగ్గింది. ఇరవయ్యో ఏనుగు దగ్గర లెక్క పైకి చెప్పడం మానేశాడు. చేతులు కిందికి దించేశాడు.

అప్పుడు జరిగింది అసలు తమాషా. మా నాయన కళ్ళద్దాలు పెట్టుకుని బానెట్ లోపలికి వంగాడు. "స్టీరింగు రాడ్డు చూడప్పా సర్ఫరాజ్. అదన్నా వాళ్ళదే ఉంటాది. కొదమ స్టీరింగంటే మాటలా?"

"అది కూడా ఏనుగే పెద్దాయనా."

"ఆ మూల చూడు. ఆ రేకు కింద ఏదో ముద్ర ఉండాది. సింహం తల మాదిరి ఉండాది సూడప్పా."

"అది గ్రీజు మరక పెద్దాయనా."

"సరిగ్గా తుడిచి చూడప్పా!"

వాడు తుడిచాడు. గ్రీజు పోయింది, కింద ఏమీ లేదు. మా నాయన ఇంకా వంగే ఉన్నాడు. ఆరేళ్ళు గజపతి జెండా మోసిన మనిషి, చెమట కారుతుంటే, ఒక్క సింహప్పిల్ల కోసం ఆ కొత్త బండి లోపలంతా వెతుకుతున్నాడు.

"చాల్లే సర్ఫరాజ్" అన్నాడు మా ఆయన. "మూసెయ్."

"గెలిచినావు గదప్పా అల్లుడూ!" అన్నాడు దావీదు చిన్నాయన.

"గెలిచినాలే మామా."

గెలిచిన మనిషి ముఖం అట్లా ఉంటుందా? ఒళ్ళంతా తడిమి చూస్తే తనది అంటూ ఒక్కటీ దొరకలేదని నలుగురి ముందు తానే లెక్కపెట్టి రుజువు చేసుకున్నాడు. చేతులు తుడుచుకుని షెడ్డు వెనక్కి, వాళ్ళ నాయన జీపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆరేళ్ళు ఈ వాదనను చూసి నవ్వుకున్నాను, ఇంటికి వచ్చినవాళ్ళకు కథలుగా చెప్పి నవ్వించాను. అతనికి ఎక్కడ గుచ్చుకుంటోందో కనీసం ఒక్క ఆదివారమైనా అడగలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

చిన్నాయన బానెట్ దించి, వేలిముద్రలు కండువాతో తుడుస్తూ మా నాయనతో అన్నాడు.

"ఓబుళేశన్నా, ఒక మాటంటా, కోపగించుకోగాకు. లోపలంతా ఏనుగే. సరే. బండి బాగా పోతాండాది, నాకేం బాధలేదు. కానీ రేప్పొద్దున ఆ ముందర బొమ్మ కూడా పీకేసి ఏనుగును పెడతామంటే మాత్రం నేను ఊరుకోనప్పా. ఒళ్ళంతా మీరే తీసుకున్నాక, పేరన్నా దానికి వదలాల గదా? న్యాయం జెప్పు."

మా నాయన తల పైకెత్తి ఆయన్ను ఎగాదిగా చూశాడు, ఇందులో వెక్కిరింత ఏమైనా ఉందా అని. లేదు. చిన్నాయన తన కారు గురించే చెప్పాడు. ఆరేళ్ళలో మా షెడ్డు కింద కారు గురించి మాత్రమే మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. మా నాయన ప్లేట్లు ఎత్తమని కూడా నాతో చెప్పకుండా ఇంటికి బయలుదేరాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కార్ల ఊసే రాలేదు. మా ఆయన ముందే నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు. మా అమ్మ సుబ్బరత్నమ్మకు ఈ కార్ల గోల ఎప్పుడూ పట్టదు. ఆమె మా నాయనకు మజ్జిగ పోస్తూ, "ఏంది, ఇయ్యాల యా కారుకూ రోగం రాల్యా?" అంది.

మా నాయన గ్లాసు పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "ఏమే, మనం పెండ్లి చేసుకున్యాక మీ ఇంటిపేరు పోయినాది గదా. బాధపడినావా?"

మా అమ్మ చెంబు కింద పెట్టింది. "నలభై ఏండ్లకు అడుగుతాండావా?"

"చెప్పు."

"పడినా. శానా దినాలు పడినా. రేషన్ కార్డులో నా పేరు ముందర మీ పేరు చూసి, ఇదెవరబ్బా అనుకున్యా. అయితే ఏం చేస్తావు? ఇప్పుడు తిరిగిస్తావా?"

మా నాయనకు పొలమారింది. నేను వీపు మీద తట్టాను, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే తట్టాను.

సోమవారం పొద్దున శివానిని తయారుచేసి, మా ఆయనా నేనూ పాత జీపులో బడికి బయలుదేరాం. దారి పొడుగునా మేం కాగితం సంగతి ఎత్తలేదు. నేను మాత్రం మనసులో ఒక నిర్ణయానికి వచ్చాను. మా నాయన ఇంటికి రానివ్వకపోయినా సరే, గుర్రం అనే రాస్తాను. ఆ తర్వాత ఆయన కళ్ళలోకి ఎట్లా చూడాలన్నది మాత్రం తెలియడం లేదు. ఒకరి పేరు నిలబెట్టాలంటే ఇంకొకరి పేరు నా చేతులతోనే ఆపేయాలి.

బడి గేటు ముందు మా నాయన కారు ఆగి ఉంది. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టి, "అయిపాయ" అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఇంక బడిలో కూడా సభ పెడతాడు అనుకున్నాను.

ఆఫీసు గదిలో విశ్వాసమ్మ అనే క్లర్కు కాగితం తీసుకుని పైనుంచి కిందికి చూసింది. "మొదటి గడే నింపల్యా మేడమ్? అది లేకుంటే కంప్యూటరు తీసుకోదు."

నేను పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెట్టేలోపల మా నాయన ముందుకు వచ్చి ఆమె టేబుల్ మీది పెన్ను అందుకున్నాడు. కాగితం తన వైపు తిప్పుకున్నాడు. నేను "నాయనా" అని చెయ్యి పట్టుకోబోయాను. ఆయన నా చెయ్యి పక్కకు జరిపి, కళ్ళద్దాలు సర్దుకుని, చెక్కుల మీద సంతకం పెట్టినంత జాగ్రత్తగా ఒక్కొక్క అక్షరమే రాశాడు.

'గుర్రం' అని రాశాడు.

అక్కడ చెయ్యి ఆగింది. పెన్ను మొన కాగితం మీద ఆనించి, చాలాసేపు ఆ మాటనే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు ఆ గదిలో ఏమి పోతోందో నాకు తెలుసు. వాళ్ళ నాయన పేరు, తాత పేరు, నల్లరాతి మీద తాను చెక్కించుకున్న పేరు, అన్నీ ఆ గడి బయటే ఆగిపోతున్నాయి. నా కళ్ళు నిండిపోయాయి. ఆయన పక్కనే 'శివాని' అని రాసి, పెన్ను పెట్టేశాడు.

మా ఆయన ఆ కాగితాన్ని చూశాడు. రెండోసారి చూశాడు. "మామా" అన్నాడు.

"ఏం మామా? అక్షరం తప్పు పోయినాదా?" మా నాయన ఒకేసారి గట్టిగా అరిచాడు. "నువ్వు నాతో ఒక్క మాటన్నా చెప్పినావా ఇది కావాలని? జీపులతో, గేర్లతో చెప్పిస్తావా?"

"నువ్వడగల్యా మామా."

"నువ్వు చెప్పల్యా."

ఈలోపల శివాని ఏదని చూస్తే కనబడలేదు. విశ్వాసమ్మ టేబుల్ కిందికి దూరి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "రా నాన్నా, క్లాసు చూద్దాం" అని విశ్వాసమ్మ బతిమాలింది. రానంది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. టేబుల్ కాలును రెండు చేతులా వాటేసుకుంది. ఎవరన్నా రమ్మంటే రాననీ, పొమ్మంటే పోననీ, ఈ గది తనకు నచ్చలేదనీ, కుర్చీ కూడా నచ్చలేదనీ ఆఫీసంతా వినబడేటట్టు ప్రకటించింది.

మా నాయన ముఖంలోకి నెమ్మదిగా వెలుగు వచ్చింది. వంగి మనవరాలిని చూశాడు. లేచి కండువా భుజం మీదికి ఎగరేసుకున్నాడు.

"పేరు మీదే పెట్టుకోండప్పా. నేనేం అడ్డం రాను" అన్నాడు. "లోపల సామానంతా మాదే గదా! ఆ మొండితనం యాడిది? ఆ నోరు యాడిది? యా పార్టు ఇప్పి చూసినా ఏనుగే."

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టేబుల్ కిందికి తొంగిచూశాడు. శివాని కదలలేదు, పైగా నాలుక బయటపెట్టి చూపించింది.

"నిజమే మామా" అన్నాడు, నవ్వు ఆపుకోలేక. "గేర్‌బాక్సుతో సహా."